లెక్కలోకి రాని ఎలుకలు

పరిశోధనశాలలో ఆమెను అందరూ ఎలుకలక్క అనేవారు. మొదట్లో చాటున అనేవారు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. చివరికి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకాయన అదే అసలు పేరనుకుని హాజరు పట్టీలో కూడా ఎక్కించాడు. ఆమె కోపగించుకోలేదు. "పులులక్క అంటే ఇంకా బాగుండేది. కానీ పులులకి వారానికి రెండుసార్లు పక్క మార్చాలంటే నా వల్ల కాదు" అనేది.

పద్నాలుగేళ్ళ కిందట, భర్త పోయిన ఏడాది, అక్కడికి నేల తుడవడానికి వచ్చింది. చీపురు పట్టుకుని ఎలుకల గదిలో అడుగుపెట్టిన మొదటి రోజే మూడో అరలో ఒక డబ్బా దగ్గర ఆగి, "దీనికి నీళ్ళు అందట్లేదండీ" అంది. సీసా నిండుగానే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తీసి చూస్తే గొట్టం మూసుకుపోయి ఉంది. గదిని చూసుకునే పశువుల డాక్టరు ఆవిడ ఆ రోజే చీపురు ఇంకొకరికి ఇప్పించి ఈమెను తన కింద పెట్టుకుంది. ఇప్పుడు ఆ గది మొత్తానికి ఎలుకలక్కే పెద్ద. నాలుగు వందల ప్లాస్టిక్ డబ్బాలు, వాటి మీది కార్డులు, చెవులకు వేసే గుర్తులు, ఎలుకల కింద పరిచే రంపపు పొట్టు బస్తాలు, గది తాళంచెవి అన్నీ ఆమె చేతిలోనే. ఎలుక నడక చూసి దాని ఒంట్లో ఏముందో చెప్పేసేది. పశువుల డాక్టరు కోసి చూసి అదే మాట రాసుకునేది.

మూడో అంతస్తులో ప్రొఫెసరు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పారేసుకున్నట్టు జేబులు తడుముకునే మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆయనది ఒకటే పని. వయసు మీద పడితే ఎవరికైనా కండ తగ్గుతుంది. కొందరికి మాత్రం ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిపోతుంది. కూర్చున్నవాళ్ళు లేవలేరు, లేచినవాళ్ళు నిలవలేరు. కండను పెరగనివ్వకుండా పట్టి ఉంచే జన్యువు ఒకటుంది. ముసలితనంలో దాని పట్టు మరీ బిగుస్తుంది. సూటిగా ఆ ఒక్క జన్యువు దగ్గరకే వెళ్ళి దాన్ని తెంపేసే కత్తెరను ప్రొఫెసరు తయారుచేశాడు. కంటికి కనిపించే కత్తెర కాదది. జబ్బు చేసే గుణమంతా తీసేసిన ఒక వైరస్ డొల్లలో దాన్ని పెట్టి సూదితో ఎక్కిస్తే, రక్తంలో తిరిగి తిరిగి కండలోకి చేరుతుంది.

ముసలి ఎలుకలకు ఎక్కించారు. గుండ్రంగా తిరిగే కడ్డీ మీద వాటిని నిలబెట్టి, ఎంతసేపు జారకుండా ఉంటాయో చూసేవారు. మందు పడనివి ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా జారి కింది మెత్త మీద పడేవి. మందు పడ్డవి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు నడిచేవి. వాటిలో ఒకటి కడ్డీ ఆపినా దిగనని మొరాయించింది. ఆ రోజు ప్రొఫెసరు ఎలుకలక్క రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పేటెంటు వచ్చింది. మనుషుల మీద పరీక్షకు అనుమతీ వచ్చింది. మొదటి విడతకు పన్నెండు మందిని ఎంచారు. ఆ పన్నెండు మందిలో ఎలుకలక్క అత్తగారు ఒకరు.

అత్తగారు ముప్పై నాలుగేళ్ళు బడిలో డ్రిల్లు టీచరుగా చేసింది. ఆ చుట్టుపక్కల నలభై దాటిన వాళ్ళలో సగం మంది ఆవిడ కేకలకు పరిగెత్తినవాళ్ళే. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆవిడ కాళ్ళే ఆవిడ మాట వినడం మానేశాయి. కుర్చీలోంచి లేవాలంటే కోడలు చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. అప్పుడు కూడా "ఒకటి, రెండు, మూడు" అని ఆజ్ఞ ఇచ్చేది ఆవిడే. కొడుకు పోయాక ఆ ఇంట్లో ఒకరికొకరు మిగిలిన ఇద్దరూ రోజూ రెండు పూటలా పోట్లాడుకునేవారు. ఏ రోజైనా గొంతులు వినబడకపోతే పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగేవారు. పరీక్షకు దరఖాస్తు పెట్టేటప్పుడు అత్తగారు కోడల్ని ఒక్క మాటైనా అడగలేదు. ఎంపికైన కాగితం వచ్చాకే చూపించింది.

ఇంతలో ఎలుకల మీద ప్రయోగానికి ముగింపు తేదీ వచ్చింది. ఆ రోజుతో రాతలు ఆపి, మిగిలిన వాటిని గ్యాసుపెట్టెలో శాశ్వతంగా నిద్రపుచ్చాలి. ఆ పని చేసిన రోజు ఎలుకలక్కకు అన్నం సహించేది కాదు. అయినా ఇంకొకరికి అప్పగించేది కాదు. ఆ నెలలో గ్యాసుపెట్టెకు తనిఖీ గడువు దాటిపోయింది. తనిఖీ చేసేవాడు వచ్చి కొత్త చీటీ అతికించేదాకా దాన్ని వాడకూడదు. అతగాడు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఎలుకలు బతికే ఉన్నాయి గనుక ఆమె వాటిని చూస్తూనే ఉంది, రిజిస్టరులో రాస్తూనే ఉంది. రాయమని ఎవరూ చెప్పలేదు. ఆపమనీ చెప్పలేదు.

రెండో వారంలో, కడ్డీ దిగనని మొరాయించిన ఆ ఎలుకే డబ్బా మూలన ముడుచుకుని కూర్చుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చేతిలోకి తీసుకుని పొట్ట తడిమితే కుడివైపు శనగగింజంత గట్టిగా తగిలింది. మూడో రోజుకు చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి చూసింది. కాలేయం నిండా గడ్డలు.

"ముసలిది కదా, ఒకటీ అరా రావడం మామూలే" అంది డాక్టరు.

తర్వాత వారం రెండు పోయాయి. ఆ తర్వాత ఇంకో నాలుగు. మందు పడ్డ ఇరవై ఒక్క ఎలుకల్లో ఏడింటికి గడ్డలు. మందు పడని పద్దెనిమిదింటిలో ఒక్కదానికే.

ఏడోదాన్ని కోసిన రోజు డాక్టరు చేతి తొడుగులు తీయడం కూడా మరిచిపోయి స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఒకటీ అరా కాదే ఇది" అంది.

ఆవిడ పైకి రాసి పంపిన కాగితానికి జవాబుగా మర్నాడు పరిశోధనశాల డైరెక్టరే కిందికి దిగి వచ్చాడు. ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదలు. చెప్పులకు తొడుగులు వేసుకోవడం రాక ఒకటి చింపుకున్నాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. 'ముగింపు తేదీ నాటికి మిగిలిన జంతువులన్నీ ఆరోగ్యముగా ఉన్నవి. అదే రోజున తొలగించడమైనది.' కింద గది బాధ్యురాలి సంతకానికి ఖాళీ వదిలారు.

"అదే రోజున తొలగించలేదు కదండీ" అంది ఎలుకలక్క.

"చూడమ్మా, ప్రయోగం ఆ తేదీతో ముగిసింది. ఆ తర్వాత జరిగినవి లెక్కలోకి రావు."

"చచ్చిపోయినవి లెక్కలోకి రావా?"

"ముగిశాక చచ్చిపోయినవి రావు."

"మరి రేపు సూది వేయించుకునే మనుషులు కూడా ముగింపు తేదీ దాకానే బతుకుతారాండీ?"

డైరెక్టరు మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మీరు ఎలుకను పట్టుకుని కొండనే కూలుస్తానంటున్నారు."

"కొండ గట్టిదైతే ఎలుకకి కూలదండి."

"గ్యాసుపెట్టెకు చీటీ వచ్చింది. మిగిలినవి ఈ రోజే కానిచ్చేయండి. సంతకం రేపు పెట్టినా సరే."

ఆమె తాళంచెవిని పైతొడుగు జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంది. "జబ్బు పడ్డ జంతువును డాక్టరు సంతకం లేకుండా తొలగించకూడదని నియమాల పుస్తకంలో ఉంది. మీరే అచ్చు వేయించారు."

డైరెక్టరు పశువుల డాక్టరు వైపు చూశాడు. ఆవిడ గోడ మీది గడియారం వైపు చూసింది. చూస్తూనే, "నేను పెట్టను సార్" అంది. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉన్న మనిషి.

మధ్యాహ్నం మెట్ల దగ్గర ప్రొఫెసరు ఎదురయ్యాడు. ఎలుకలక్కకు ఆయనంటే గౌరవం. డైరెక్టరుతో మాట్లాడినట్టు ఆయనతో మాట్లాడలేదు. ఆయనే ముందు మొదలుపెట్టాడు.

"ఆ గడ్డలు మందు వల్లే వచ్చాయని రుజువు లేదమ్మా."

"కాదని ఉందా సార్?"

ఆయన జేబులు తడుముకున్నాడు. "ఇప్పుడు ఆగితే ఎంతకాలం ఆగాలో తెలీదు. ఆ పన్నెండు మందికి ఆగే ఓపిక ఉందా? మీ అత్తగారికుందా?"

ఆ మాట మాత్రం ఆమెకు ముల్లులా దిగింది. మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా అత్తగారికి అంతా చెప్పింది. ముసలావిడ కుర్చీలో కదలకుండా వింది.

"సంతకం పెట్టెయ్" అంది చివరికి.

"అత్తయ్యా..."

"ఏడింటికే కదా వచ్చాయి, పద్నాలుగింటికి రాలేదు కదా. నాకు గడ్డ వచ్చి అది ముదిరేలోగా రెండేళ్ళు నడుస్తాను. రెండేళ్ళు, విన్నావా? స్నానాల గదికి నేనే వెళ్తాను. తలుపు నేనే వేసుకుంటాను. నీకు నీ కాళ్ళున్నాయి, నీకేం తెలుసు. నాకంటే ఆ ఎలుకలు ఎక్కువయ్యాయా?"

"తెలిసి తీసుకుంటానంటే అది మీ ఇష్టం. నేను అడ్డు రాను. మీకు నేనున్నాను, చెప్పాను. మిగతా పదకొండు మందికి ఎవరు చెప్తారు? వాళ్ళ ఇళ్ళల్లో ఎలుకలక్కలు లేరు కదా."

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజుల నిశ్శబ్దానికి పక్కింటావిడ నిజంగానే వచ్చి తలుపు తట్టింది. మూడో రోజు పొద్దున్న అత్తగారు అద్దం ముందు కూర్చుని జుట్టు బిగించి ముడి వేయించుకుంటూ, "పరీక్షవాళ్ళందర్నీ ఈ రోజు పిలిచారు. నా చక్రాలబండి నువ్వే తొయ్యాలి. సెలవు పెట్టు" అంది.

"ఎందుకు?"

"బళ్ళో పిల్ల పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దని ఒకసారి మా హెడ్మాస్టరు నన్ను అడిగాడు. నేను ఆయన మాట విన్నాను. ఆ ఒక్క పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఇంకోటి చేసే వయసు కాదిది."

సమావేశం రెండో అంతస్తు హాలులో. పన్నెండు మందీ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒక దర్జీ, ఓడల్లో ఇంజన్లు చూసిన ఒకాయన, వంటలు చేసి ఆరుగురిని చదివించానని అందరికీ చెప్పుకునే ఒకావిడ. డైరెక్టరు తెర మీద కడ్డీ మీది ఎలుక బొమ్మ చూపించాడు. హాలంతా మెచ్చుకోలుగా నవ్వింది. ప్రొఫెసరు పక్కన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడగ్గానే అత్తగారు చెయ్యెత్తింది. "కూర్చుని అడగడం నాకలవాటు లేదు. లేపవే."

కోడలు చేతులు వేసింది. ఒకటి, రెండు, మూడు. ఆవిడ లేచి ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. పిక్కలు కొట్టుకుంటున్నాయి. గొంతు మాత్రం మైదానం అవతలికి వినిపించేదే.

"ఆ ఎలుకలు ఈ రోజు ఎలా ఉన్నాయి?"

"ముగింపు తేదీ నాటికి అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయండి."

"తేదీ అడగలేదు బాబూ. ఈ రోజు అడిగాను. బళ్ళో పిల్లలూ ఇంతే. పడ్డావా అంటే, నిన్న పడలేదు టీచర్ అనేవాళ్ళు."

కొందరు నవ్వారు. డైరెక్టరు ఏదో చెప్పబోతుంటే ప్రొఫెసరు లేచాడు. ఎవరి వైపూ చూడకుండా, "ఏడు చచ్చిపోయాయి. కాలేయంలో గడ్డలు" అన్నాడు.

"ఎనిమిది సార్" అంది ఎలుకలక్క. "ఇందాక గదికి వెళ్ళి చూస్తే ఇంకోటి పోయి ఉంది. మిగిలినవాటిని నిద్రపుచ్చమన్నారు. నేను ఆ పని చేయలేదు. గదిలోనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

ఆ తర్వాత హాలులో ఎవరు ఏం మాట్లాడారో ఎవరికీ సరిగా తెలియదు. ఇంజన్ల ఆయన నన్ను ఇంటికి తీసుకుపొండని కొడుకు భుజం పట్టుకున్నాడు. దర్జీ మాత్రం డైరెక్టరు వైపు కాదు, అత్తాకోడళ్ళ వైపు తిరిగాడు. "నేను చస్తే చస్తాను. మీకెందుకు? నా ఆశ మీద మన్ను పొయ్యడానికి మీరెవరు?" అన్నాడు. ఏడుస్తున్నాడు. అత్తగారు ఆయనకేసి చూసి, "మీరు తీసుకోవద్దని నేననలేదు. కళ్ళు తెరుచుకుని తీసుకోండి అంటున్నాను" అంది. ఆయన వినలేదు.

మర్నాటి పొద్దున్నే పరిశోధనశాల గుట్టు బయటపెట్టిందని ఎలుకలక్కను పని నుంచి తప్పించారు. ఆమె రిజిస్టరునూ తాళంచెవినీ పశువుల డాక్టరు చేతిలో పెట్టి, మిగిలిన డబ్బాలన్నిటికీ నీళ్ళ సీసాలు మార్చి బయటికి వచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వెనక ఎవరో అన్నారు. "ఆ దారిలో తొక్కిసలాట ఉండదులే" అని తిరిగి చూడకుండానే జవాబిచ్చింది.

హాలులో జరిగిన గొడవ విని, పరీక్షలకు అనుమతులిచ్చే బయటి కమిటీ నెల తిరక్కుండా వచ్చింది. తలుపు తీయించి, ఎలుకల్ని చూసి, రిజిస్టరు చదివి, మనుషుల మీద పరీక్ష ఆపేసింది. డైరెక్టరును వేరే కార్యాలయానికి మార్చారు. ఎలుకలక్కను తిరిగి రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. ఆమె కుక్కల ఆసుపత్రిలో కట్లు మార్చే పనికి కుదిరింది. ఎలుకల కంటే కుక్కలకు కృతజ్ఞత ఎక్కువ గానీ కాట్లు కూడా ఎక్కువేనని ఇంట్లో చెప్పేది.

ఆ చలికాలం దర్జీ మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. తెలిసిన రోజే ఎలుకలక్క వాళ్ళింటికి వెళ్ళింది. అత్తగారు వెళ్ళొద్దంది. అయినా వెళ్ళింది. దర్జీ భార్య గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"ఆ సూది పడి ఉంటే ఆయన పడేవాడు కాదు."

"అవునండీ, పడేవారు కాదేమో."

"మరెందుకొచ్చావు? తప్పయిందని చెప్పడానికా?"

"కాదండీ. తప్పు చేశానని నేననుకోవడం లేదు. మీరు తిట్టాలనుకుంటే ఎదురుగా ఉండాలని వచ్చాను."

ఆవిడ చాలాసేపు తిట్టింది. ఎలుకలక్క తల దించుకోలేదు, వెనక్కి తిరగలేదు. ఆవిడ అలిసిపోయి తలుపు వేసుకున్నాక, వీధి చివర గోడకు చేరబడి కళ్ళు తుడుచుకుని పనికి వెళ్ళింది.

ఏడాది దాటాక ప్రొఫెసరే కుక్కల ఆసుపత్రికి వచ్చాడు. బల్ల మీద పెద్ద కుక్క ఒకటి గుర్రుమంటుంటే గోడవారగా నిలబడి చెప్పాడు. ఎక్కించిన డొల్లల్లో సగం కాలేయంలోనే చిక్కుకుంటున్నాయట, అక్కడ కత్తెర తెంపకూడనిదాన్ని తెంపుతోందట. కాలేయాన్ని తప్పించుకుని కండకే అంటుకునే కొత్త డొల్లను తయారుచేశానన్నాడు. "మీరు ఆపకపోతే నేను వెతికేవాణ్ణి కాదమ్మా. ఆ సంగతి నాకు తెలుసు. రండి."

"వస్తాను. కానీ ఈసారి ముగింపు తేదీ నేను వేస్తాను."

"ఎప్పటికి?"

"చివరి ఎలుక దానంతటది చచ్చిన రోజు."

ఆయన ఒప్పుకున్నాడు. కాగితం మీద రాసిచ్చేదాకా ఆమె కుక్క కట్టు మీద నుంచి చెయ్యి తీయలేదు.

రెండేళ్ళకు పైగా పట్టింది. మందు పడ్డవాటికీ పడనివాటికీ గడ్డల్లో తేడా రాలేదు. కడ్డీ మీద తేడా మాత్రం మునుపటిలాగే ఉంది. మళ్ళీ అనుమతులు, మళ్ళీ దరఖాస్తులు. ఈసారి కొత్తగా ఒక నియమం పెట్టారు. ఎనభై దాటినవాళ్ళు అర్హులు కారు. అత్తగారికి ఎనభై రెండు.

ఆవిడ బండి తోయించుకుని సరాసరి దరఖాస్తుల గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. "వయసు వల్ల వచ్చే జబ్బుకు మందు కనిపెట్టి, వయసు ఎక్కువైందంటారా? ఆకలైనవాళ్ళు రావద్దు, కడుపు నిండినవాళ్ళకే వడ్డన అన్నట్టుంది మీ లెక్క."

"రూలండీ. నా చేతుల్లో లేదు."

"ఎవరి చేతుల్లో ఉందో రాసివ్వు."

అతను రాసిచ్చాడు. ఆవిడ కమిటీకి తన వణికే చేత్తో నాలుగు పేజీల ఉత్తరం రాసింది, జవాబు రాకపోతే ఇంకోటి రాసింది, మొత్తం తొమ్మిది రాసింది. ఎనభై దాటిన మరో ఆరుగురిని వెతికి పట్టుకుని వాళ్ళ చేతా రాయించింది. తొమ్మిదో ఉత్తరానికి నియమం కొట్టేశారు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు.

సూది వేసే రోజు అంగీకార పత్రం ముప్పై ఒక్క పేజీలూ చదివే సంతకం పెట్టింది. మొదటి ప్రయోగంలో ఎనిమిది ఎలుకలు ఎలా పోయాయో పద్నాలుగో పేజీలో ఉంది. అక్కడ ఒక అచ్చుతప్పు దిద్దింది. సగం మందికి మందు, పోలిక కోసం మిగతావాళ్ళకు ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కిస్తామని, ఎవరికి ఏది పడిందో పరీక్ష చేసే డాక్టర్లకు కూడా ఏడాదిన్నర దాకా తెలియదని కుర్ర డాక్టరు వివరించాడు.

"మందైతే దానికి నేను సాయం చేస్తాను" అంది ఆవిడ. "నీళ్ళైతే నేనే మందు."

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నా సాయంత్రం గంటసేపు వ్యాయామం. కోడలు పట్టుకోవాలి, ఆవిడ కసరాలి. ఎనిమిది నెలలకు నడకబండి పట్టుకుని పడకగది నుంచి వీధి గుమ్మం దాకా నడిచింది. మందు వల్లో మొండితనం వల్లో ఇంకా తెలియదు. కిందటి వారం పరీక్షకు వెళ్ళినప్పుడు, ఏడాదిన్నర అయ్యాక కూడా ఐదేళ్ళు ఏటేటా వచ్చి చూపించుకోవాలని, అంత ఓపిక ఉంటుందా అని కుర్ర డాక్టరు మొహమాటపడుతూ అడిగాడు.

"ఐదేళ్ళేమిటి, నేను పోయేదాకా వస్తాను" అంది ఆవిడ, నడకబండి దగ్గరికి లాక్కుని ఎత్తు బల్ల మీద నుంచి కాళ్ళు కిందికి దించుకుంటూ. "మీరు మాత్రం నాకంటే ముందు తలుపులు మూసుకుని పోకండి."